కార్డు పోయిందట!

ఈ రోజుల్లో ఏ వస్తువు మూలపడినా జబ్బు ఒక్కటే. లోపలి సర్క్యూట్ బోర్డు, అదే కార్డు, పోయింది. వాషింగ్ మిషను ఆగిందా, కార్డు. ఇన్వర్టరు కుయ్‌కుయ్‌మంటోందా, కార్డు. ఆఖరికి సీలింగు ఫ్యాను తిరగకపోయినా కార్డేనట, అందులోనూ ఒకటి పెట్టి చచ్చారు. వచ్చిన కుర్రాడు మూత విప్పడు, వాసన చూడడు, చెవి పెట్టి వినడు. గుమ్మంలో నిలబడే "కార్డు మార్చాలండీ" అని ఫోనులో ధర చూపిస్తాడు. ఆ ధర చూశాక కొత్త మిషనే నయమనిపిస్తుంది. వాడికి కావలసిందీ అదేనేమో.

ఇళ్లలో సామాన్ల గొడవ మనకెందుకులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇప్పుడా తెగులు లేతు మిషనుకీ పట్టింది. బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో లేతు ముందు నిలబడి బతుకు వెళ్లదీసినవాణ్ణి నేను. బ్రేకు డ్రమ్ములు, కింగ్ పిన్ను బుష్షులు, ట్రాక్టరు షాఫ్టులు. విరిగినదాన్ని అతికించి, అరిగినదానికి బుష్షేసి మళ్లీ రోడ్డెక్కించడమే అక్కడి విద్య. అలాంటి చోట ఉండి, లేతు గురించి కూడా "మార్చెయ్యడమేనండీ" అని వినాల్సి వస్తే ఒళ్లు మండదూ?

లేతులో కార్డంటే స్పీడు కంట్రోలరే. మా రోజుల్లో స్పీడు కంట్రోలరంటే ఏమిటో చెబుతాను వినండి. నా చిన్నప్పుడు మా ఊళ్లో వడ్రంగి తరిమెన మీద మంచం కోళ్లు పట్టేవాడు. దుంగకి తాడు చుట్టి అటొక లాగు, ఇటొక లాగు లాగుతూ ఒక కుర్రాడు కూర్చునేవాడు. ఆ కుర్రాడే మోటారు, వాడే స్పీడు కంట్రోలరు. ఉలి నిలదొక్కుకునేదాకా మెల్లగా లాగాలి, నున్న చేసేటప్పుడు జోరుగా లాగాలి. తేడా వస్తే నెత్తిన మొట్టికాయ. మరమ్మతు అక్కడితో సరి.

నేను పనిలో చేరిన షాపులో పైన దూలాల కింద ఒక పొడుగాటి షాఫ్టు, దానికి వరసగా పుల్లీలు. ఒక మోటారు, దాని మీద నాలుగు మిషన్లు. పక్క ఊరి రైసు మిల్లులో అయితే మోటారు కూడా కాదు, రస్టన్ ఇంజను. ఆ షాఫ్టు నుంచి పట్టా బెల్టు కిందికి దిగి లేతు హెడ్‌స్టాకు మీది కోను పుల్లీకి వచ్చేది. కోను పుల్లీకి నాలుగు మెట్లు. పెద్ద మెట్టు మీద బెల్టుంటే కడ్డీని పట్టి తిప్పే చక్కు నెమ్మది, చిన్న మెట్టు మీదుంటే జోరు. వెనక బ్యాకు గేరు. పిన్ను లాగి లివరు తిప్పితే ఇంకో నాలుగు స్పీడులు, అవీ బాగా నెమ్మదివి. ఎనిమిది స్పీడులతో బందరు కాలవ మీద గేటు స్క్రూలకి మరలు కోశాం, లారీ హబ్బులు తిప్పాం. 30 మిల్లీమీటర్ల ఇనప కడ్డీ మామూలు హెచ్.ఎస్.ఎస్. టూలుతో తిప్పాలంటే నిమిషానికి మూడొందల పైచిలుకు చుట్లు చాలు. దానికి దగ్గరగా ఉన్న మెట్టేదో చూసి బెల్టు వేసుకోవడమే. మూడొందల పద్దెనిమిదా, మూడొందల ఇరవయ్యా అని కడ్డీ అడగదు.

బెల్టు జారుతోందా? గుగ్గిలం పొడి చల్లేవాళ్లం. సాగిందా? అంగుళం కోసి మళ్లీ క్లిప్పులు కొట్టేవాళ్లం. జబ్బు ఎక్కడుందో కంటికి కనపడేది, చెవికి వినపడేది, ముక్కుకి తగిలేది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు "హుమ్మ్" అని మూలుగుతుంది కానీ కదలదు. ఆ మూలుగు వీధి చివర వినపడ్డా మా మేస్త్రిగారు "ఒరేయ్, ఫ్యూజు చూడండ్రా, మోటారు కాలుద్ది" అని కేకేసేవారు.

అలాగని అంతా బంగారమని కోతలు కొయ్యను. ఆ బెల్టులకి తడికైనా అడ్డం లేదు. తిరుగుతున్న బెల్టుని కర్రతో నెట్టి మెట్టు మార్చేవాళ్లం. పంచె కొంగు షాఫ్టుకి చుట్టుకుంటే దేవుడు కూడా ఆపలేడు. వేళ్లు పోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇప్పటి మిషన్లలో చక్కు మీద మూత ఎత్తితే కరెంటు ఆగిపోతుంది. అది మంచిదే. మంచిదాన్ని మంచిదనే అంటాను.

కార్డంటే నాకు కిట్టదనుకునేరు. అదీ కాదు. డీసీ మోటారు స్పీడుని ఇష్టమొచ్చినట్టు తగ్గించి పెంచుకోవాలన్న ఆశ ఈనాటిది కాదు. 1891లోనే అమెరికాలో వార్డ్ లియొనార్డ్ అనే ఆయన దానికి దారి కనిపెట్టాడు. ఒక మోటారు, అది తిప్పే ఒక జనరేటరు, ఆ జనరేటరు నడిపే ఇంకో మోటారు. ఒక్క మిషను నడవడానికి మూడు మిషన్లన్నమాట. గనుల్లో లిఫ్టులూ రోలింగు మిల్లులూ దశాబ్దాల పాటు దాని మీదే నడిచాయి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు తైరిస్టర్ తెచ్చాక ఆ మూడింట్లో రెండు మాయమై బొటనవేలంత ముక్కలో కూర్చున్నాయి. అంత తెలివిని చూసి చెయ్యెత్తి దండం పెడతాను. నా గొడవ దాంతో కాదు. అది చెడితే ఎక్కడ చెడిందో వెతకనివాళ్లతో.

వెతకడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది 1977లో. నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. నీళ్లు తీశాక మా మేస్త్రిగారు నన్నూ ఇంకో కుర్రాణ్ణీ వెంటబెట్టుకుని అవనిగడ్డ వైపు వెళ్లారు. అక్కడ చూసినవాటి గురించి ఇక్కడ రాయను. మిల్లుల్లో మోటార్లు మాత్రం ఉప్పునీళ్లు తాగి బురద కక్కుతున్నాయి. ఆయన ఒక్కదాన్నీ పారెయ్యనివ్వలేదు. ముందు మంచినీళ్లతో ఉప్పు పొయ్యేదాకా కడగడం, తర్వాత విప్పి లోపల బల్బులు వేలాడదీసి గోనెపట్టాలు కప్పి రాత్రింబవళ్లు ఆరబెట్టడం, ఇన్సులేషను కొలిచే మెగ్గరు పెట్టి చూడడం, ముల్లు లేవకపోతే మళ్లీ ఆరబెట్టడం, లేచాక వార్నిష్ పట్టించడం. కాలిపోయిందని తేలినదానికే కొత్త వైండింగు. "నీళ్లలో మునిగిన మోటారుని చంపేది నీళ్లు కాదురా, ఆరకముందే స్విచ్చి వేసేవాడు" అనేవారు.

ఇక అసలు కథకి వస్తాను. మా చెల్లెలి మనవడు అజిత్‌సింగ్ నగర్‌లో ఉంటాడు. చదివింది కంప్యూటరు, సరదా మాత్రం లేతు. బల్ల మీద పెట్టుకునే బుల్లి లేతు ఒకటి తెప్పించుకుని ఇత్తడి మరలూ పెన్ను గొట్టాలూ తిప్పుకుంటుంటాడు. మా షాపులోని బటాలా లేతు పక్కన పెడితే పిల్లిపిల్లలా ఉంటుంది, కానీ పనితనం తక్కువదేం కాదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు కట్టలు తెంచుకుని సింగ్ నగర్ మీద పడింది. ఆ ఒకటి రెండు రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కుల పైన పారింది. కింద వాటాలన్నీ రోజుల తరబడి నీళ్లలో నానాయి. మావాడి లేతూ నానింది.

వాడు తెలివైనవాడే. కడిగాడు, ఎండలో పెట్టాడు, పక్షం రోజులు స్విచ్చి ముట్టుకోలేదు. అప్పుడు వేసి చూస్తే దీపం వెలిగింది గానీ, స్పీడు నాబు సగం దాకా తిప్పినా చక్కు కదలదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా ఫుల్ స్పీడు! వెనక్కి తిప్పితే ఆగుతుంది. కొన్నిసార్లు అసలు మొదలే కాదు. అమ్మినవాళ్లకి ఫోను చేశాడు. వరదలో మునిగినదానికి వారంటీ లేదన్నారు, అందులో తప్పు పట్టను. కానీ ఆ తర్వాత అన్న మాట మీకు తెలిసిందే. కార్డు! మిషను ధరలో మూడో వంతు పోసి కొత్త కార్డు తెప్పించి బిగించాడు. నాబు తిప్పాడు. సగం దాకా చలనం లేదు, తర్వాత ఫుల్ స్పీడు. అచ్చం అదే జబ్బు.

అప్పుడు గుర్తొచ్చాను నేను.

"తాతయ్యా, రెండో కార్డు కూడా పోయినట్టుంది" అన్నాడు, నేను చెప్పులు విప్పకముందే.

"ఒరేయ్, కొత్త కార్డుకీ పాత కార్డుకీ ఒకేరకం జబ్బు వస్తే జబ్బు కార్డుది కాదురా. రెంటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడు."

ముందు ప్లగ్గు పీకించాను. పీకినంత మాత్రాన చెయ్యి పెట్టకూడదు. మన 230 వోల్టుల కరెంటుని కార్డు డీసీ చేసి కెపాసిటర్లలో దాచుకుంటుంది, అది 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కాసేపు అక్కడే కాచుకుని ఉంటుంది. బల్బు హోల్డరు తీగలు కెపాసిటర్లకి ఆనిస్తే ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతుంది. అప్పుడు గానీ వేలు పెట్టకూడదు. ఇంకో సంగతి. ఇలాంటి కార్డుల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మరు అడ్డం ఉండదు. నాబుకి వచ్చే సన్న తీగలు కూడా కరెంటు మీదే ఉంటాయి. బొమ్మ తీగల్లా కనపడతాయి, ముట్టుకుంటే తెలుస్తుంది.

మోటారు తీగలు రెండూ కార్డు నుంచి విడదీశాం. పక్కనే ఉన్న స్కూటరు బ్యాటరీ పన్నెండు వోల్టులు తెచ్చి మోటారుకి పెట్టాం. మెల్లగా, నిలకడగా తిరిగింది. ఇందులో ఉన్నది అయస్కాంతం మోటారు, పన్నెండు వోల్టులకి పన్నెండు వోల్టులంత తిరుగుతుంది. బ్యాటరీ తీసేసి, మోటారు తీగలు రెండూ కలిపి పట్టుకుని చేత్తో తిప్పమన్నాను. బరువుగా వచ్చింది. విడదీసి తిప్పితే తేలిగ్గా వచ్చింది. ఆర్మేచరు బతికే ఉందన్నమాట. అయినా బ్రష్షుల మూతలు విప్పాను. ఒక బ్రష్షు బుడమేరు బురదకి గూట్లో బిగుసుకుపోయింది. స్ప్రింగు తుప్పు పట్టింది. గీకి, తుడిచి, జారేలా చేసి పెట్టాను. ఇవ్వాళ కాకపోతే రేపైనా అదొక తగాదా తెచ్చేది.

తర్వాత మోటారు బదులు కార్డుకి నూరు వాట్ల బల్బు తగిలించాం. మెయిన్స్‌కి సీరీస్ బోర్డు మీదుగా కరెంటిచ్చాం. మీకు సీరీస్ బోర్డంటే తెలియకపోతే చెప్పాలి, కరెంటు దారిలో ఇంకో బల్బు అడ్డం పెట్టడం, అంతే. లోపల షార్టు ఉంటే ఆ అడ్డం బల్బు భగ్గున వెలుగుతుంది, కార్డు కాలదు. షార్టు లేకపోతే కెపాసిటర్లు నిండేదాకా ఒకసారి వెలిగి సన్నగిల్లుతుంది. వేల రూపాయల కార్డుని యాభై రూపాయల బల్బు కాస్తుంది. ఈ ముక్క ఏ వారంటీ కాగితంలోనూ రాయరు. మా కార్డు విషయంలో అడ్డం బల్బు ఒకసారి వెలిగి సన్నగిల్లింది, అంటే కార్డులో మోటారుకి కరెంటు వదిలే పవరు మాస్‌ఫెట్లు షార్టు కాలేదు. నాబు తిప్పాడు. మోటారు స్థానంలో బల్బు చీకటి, చీకటి, చీకటి, ఒక్కసారి గప్పున వెలుగు. మోటారుకి ఈ జబ్బుతో సంబంధం లేదని తేలింది. కార్డు మార్చినా అదే ఆట కాబట్టి కార్డుకీ లేదు. ఇక మిగిలింది నాబు.

మళ్లీ కరెంటు తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, నాబు కనెక్టరు పీకాం. మావాడు డిజిటల్ మీటరు పెట్టాడు. అంకెలు గబగబా మారుతున్నాయి, ఏదీ చదివేలా లేదు. "నీ మీటరు తియ్యరా" అని నా ముల్లు మీటరు పెట్టాను. మధ్య కాలికీ చివరి కాలికీ పెట్టి మెల్లగా తిప్పిస్తే ముల్లు కొంత దూరం చక్కగా జారింది. అక్కడ నుంచి తూలింది, కింద పడింది, లేచింది, మళ్లీ పడింది. లోపలి కార్బను దారి మీద బురద కూర్చుని తడికి అక్కడక్కడా లేచిపోయింది. ఆ చోట మధ్య కాలు తెగినట్టే లెక్క. ఇక కార్డేం చేస్తుంది పాపం, ఆ సన్న తీగ మీద ఎంత చెబితే అంత స్పీడు ఇస్తుంది. అది అబద్ధం చెబితే ఇదీ అబద్ధమే ఆడుతుంది. మొదలు కాకపోవడానికి కారణం దాని పక్కనే ఉంది. నాబు సున్నా దగ్గర టిక్కుమనే స్విచ్చి ఒకటి ఉంటుంది. సున్నాకి వచ్చానని అది చెబితే గానీ కార్డు మోటారుని వదలదు. దానికీ పచ్చ చిలుము. గీకి, కాంటాక్టు స్ప్రే కొడితే సరిపోయింది.

నాబు కోసం వాణ్ణి గవర్నర్‌పేట పంపించాను. 4.7 కిలో ఓములు, లీనియర్ అని కాగితం మీద రాసిచ్చి మరీ పంపించాను. కొట్లో కుర్రాడు ఆ కాగితం చూడనే లేదు, రేడియో వాల్యూముకి వేసేది ఇచ్చాడు. అంకె అదే, తీరు వేరు. అది వేస్తే నాబు ముప్పావు దాకా తిప్పినా స్పీడంతా చివర్లో కుప్పపడుతుంది. మళ్లీ తిరుగు ప్రయాణం. నాబు ధర సరిగ్గా ఒక టీ, ఒక సమోసా. వాడి పెట్రోలే ఎక్కువైంది.

వేశాం. బల్బు సన్నగా మొదలై పెరుగుతూ పోయింది. మోటారు తగిలించాం, చక్కు తాబేలు నడక నుంచి జోరు దాకా ఎక్కడా తొట్రుపడకుండా వెళ్లింది. అప్పుడు పాత కార్డు తెప్పించి అదీ వేసి చూశాం. అదీ నడిచింది! కొత్త కార్డు ఇప్పుడు బీరువాలో పట్టు చీరల పక్కన ఉంది.

ఇంతకీ ఆ కార్డు పరిస్థితి చూశారా? ముఖ్యమైన చిప్పు మీద నంబరు గీకేశారు. సర్క్యూట్ బొమ్మ ఏ పుస్తకంలోనూ లేదు. ప్లస్సు ఎక్కడ, నాబు ఎక్కడ అని రెండు అక్షరాలు కూడా అచ్చు వెయ్యలేదు. ఎవడో దొంగిలిస్తాడని భయం కాబోలు. మా రోజుల్లో రేడియో మూత వెనక సర్క్యూట్ బొమ్మ అతికించి ఇచ్చేవారు. 1953లో బెంగుళూరులో పెట్టిన హెచ్.ఎం.టి. వాళ్ల లేతుతో వచ్చిన పుస్తకం మా షాపులో దేవుడి పటం కింద ఉండేది. ఏ గేరుకి ఎన్ని పళ్లో, ఏ తీగ ఎక్కడికి పోతుందో అందులో చూసుకునేవాళ్లం. బటాలా లేతుకి పుస్తకం లేదు నిజమే, దానికి అక్కర్లేదు కూడా, అంతా బయటే ఉంది.

మావాణ్ణి ఒక్కందుకు మెచ్చుకోవాలి. ఒక్క తీగ పీకే ముందు కూడా ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోనునే భూతద్దంలా పెట్టి నాకు కనపడని సన్న టంకం పగులు ఒకటి చూపించాడు. మా మేస్త్రిగారు దారం ముక్కలు కట్టి గుర్తులు పెట్టేవారు, దారాలు ఊడిపోయి తిట్లు తినేవాళ్లం. ఇంకో పనికి మాత్రం చెయ్యి మీద కొట్టాను. కార్డు మీద సన్న స్క్రూలు మూడు నాలుగుంటాయి, తక్కువ స్పీడు, ఎక్కువ స్పీడు, కరెంటు హద్దు. ఎవరి వీడియోనో చూసి వాటిని స్క్రూ డ్రైవరుతో తిప్పబోయాడు. తిప్పితే జబ్బు పోదు, రెండో జబ్బు పుడుతుంది. ఎక్కడున్నాయో గీత గీసుకోకుండా వాటిని ముట్టుకోకూడదు.

అసలు ఈ కార్డులు ఎందుకు కాలతాయో కూడా చెప్పాలి, వరద ప్రతి ఏడూ రాదు కదా. బుల్లి లేతుకీ లోపల హై, లో అని రెండు గేర్లుంటాయి. ఎవరూ మార్చరు. నాబు ఉంది కదా అని హైలో పెట్టే నాబు తగ్గించి లావు కడ్డీ తెంపబోతారు. లో గేరు వేస్తే స్పీడు తగ్గినంత మేరా బలం పెరుగుతుంది. నాబు తగ్గిస్తే స్పీడు తగ్గుతుంది గానీ బలం పెరగదు. టూలు బిగుసుకుంటే మోటారు నిలబడి కరెంటు లాగుతుంది, మాస్‌ఫెట్టు కాలుతుంది. మోటారు వెనక ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది కాబట్టి వేడీ పోదు. దానికి తోడు మన రోహిణి కార్తె. నలభై అయిదు డిగ్రీల ఎండలో, రేకుల షెడ్డు కింద, పోత ఇనుము పొడి కార్డు మీద పేరుకుంటే ఆ పొడిలోంచే కరెంటు దారి చేసుకుంటుంది. ఇది తెలియకుండా కార్డు మార్చుకుంటూ పోతే మార్చిన ప్రతిదీ కాలుతుంది.

బుల్లి లేతు కొనబోయేవాళ్లకి చెబుతున్నాను. బల్ల మీద పెట్టే ముందే కార్డు గూటికి జాలీ మీద పాత బనీను గుడ్డయినా కట్టండి. మరలు కోసేటప్పుడు, కడ్డీ తెంపేటప్పుడు లో గేరులో వెయ్యండి. ఒక నాబు, ఒక జత బ్రష్షులు కొని డ్రాయరులో పడెయ్యండి. అన్నిటికంటే ముందు, డబ్బు కట్టకముందు, సర్క్యూట్ బొమ్మ ఇమ్మని అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి ఇస్తారు. ఇవ్వనంటే బేరం అక్కడే ఆపెయ్యండి.